మేయరు లేని తొమ్మిదేళ్లు: సమాఖ్యలో విశాఖకు చోటెక్కడ?

ప్రతి ఏప్రిల్‌లోనూ మా ఇంట్లో ఒక చిన్న తంతు నడుస్తుంది. ఏడాది ఇంటిపన్ను మొత్తం నెలాఖరులోగా ఒకేసారి కట్టేస్తే 5 శాతం రాయితీ వస్తుంది కనుక, నాన్నగారు వదిలివెళ్లిన రేకుపెట్టెలోంచి పాత రసీదుల కట్ట తీసి, కొత్త డిమాండు నోటీసును పక్కన పెట్టుకుని పోల్చి చూడడం నాకు అలవాటైపోయింది. పాత కాగితాల్లో పన్నుకు ఆధారం ‘వార్షిక అద్దె విలువ’. అంటే కంచరపాలెంలోని ఈ ఇంటిని అద్దెకిస్తే ఏడాదికి ఎంత వస్తుందన్న లెక్క. 2021 నుంచి ఆ చోటికి ‘మూలధన విలువ’ వచ్చింది. అంటే ఇదే ఇంటిని అమ్మితే ఎంత పలుకుతుందన్న లెక్క. అమ్మే ఉద్దేశం లేనివాడికి ఆ అంకె చూస్తే గర్వమూ గుబులూ ఒకేసారి కలుగుతాయి.

నోటీసు పైన పెద్దక్షరాలతో మహా విశాఖ నగరపాలక సంస్థ పేరుంటుంది. కాని లోపలి అంకెలు ఒక్కొక్కటీ ఒక్కో చోటి నుంచి వచ్చినవి. స్థలం విలువ రాష్ట్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్ల శాఖ నిర్ణయించిన మార్కెట్ ధర నుంచి వస్తుంది. ఆ విలువ మీద పన్ను రేటు ఎంతకు తగ్గకూడదో, ఎంతకు మించకూడదో రాష్ట్రమే నిర్దేశించింది. ఏటా పెంపు 15 శాతం దాటకూడదన్న పరిమితి కూడా రాష్ట్రం పెట్టిందే. పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసల చొప్పున వసూలయ్యే గ్రంథాలయ సెస్సు జిల్లా గ్రంథాలయ సంస్థకు చెందుతుంది. దాని మీద నాకు ఎలాంటి పేచీ లేదు, నా చదువంతా ఆ గ్రంథాలయాల్లోనే సాగింది. ఇన్ని పోగా, ఆ హద్దుల మధ్య ఒక రేటు ఎంచుకోవడం, నోటీసు పంచడం, డబ్బు వసూలు చేయడం, కట్టనివారి తిట్లు తినడం నగరపాలక సంస్థ వంతు.

అద్దె విలువ పోయి మూలధన విలువ ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలంటే కౌన్సిల్ తీర్మానాలు వెతికి లాభం లేదు, 2020 మే నెలలో ఢిల్లీలో జరిగినదాన్ని చూడాలి. కోవిడ్ వల్ల రాష్ట్రాల ఆదాయం పడిపోయినప్పుడు, రాష్ట్రాలు తమ స్థూల ఉత్పత్తిలో 3 శాతం వరకు మాత్రమే అప్పు తెచ్చుకోవాలన్న పరిమితిని కేంద్రం ఆ ఏడాదికి 5 శాతానికి పెంచింది. అయితే ఆ పెంపులో కొంత భాగాన్ని షరతులకు ముడిపెట్టింది. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు, వ్యాపార అనుమతుల సరళీకరణ, విద్యుత్ రంగం, పట్టణ స్థానిక సంస్థలు అనే నాలుగు సంస్కరణల్లో ఒక్కొక్కటి పూర్తిచేస్తే 0.25 శాతం చొప్పున అదనపు అప్పుకు అనుమతి దొరుకుతుంది. పట్టణ సంస్కరణ అంటే, ఇంటిపన్నుకు రిజిస్ట్రేషన్ విలువలతో పొసిగే కనీస రేట్లు ప్రకటించడం, నీటికీ మురుగు పారుదలకీ కనీస రుసుములు ప్రకటించడం. దీన్ని దేశంలో మొదట పూర్తిచేసిన రెండు రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్. అందుకు ప్రతిఫలంగా మన రాష్ట్రానికి 2,525 కోట్ల రూపాయల అదనపు అప్పు తెచ్చుకునే వీలు కలిగింది. మూడో స్థానంలో నిలిచిన తెలంగాణకు 2,508 కోట్లు.

పన్ను విధానం మారడం తప్పని నేను అనడం లేదు. అద్దె విలువ పద్ధతిలో పాత ఇళ్లకూ కొత్త ఇళ్లకూ మధ్య అన్యాయం ఉండేది, ఆ లెక్కలు ఏళ్ల తరబడి సవరణకు నోచుకోకుండా పడి ఉండేవి. నా అభ్యంతరమల్లా ఆ మార్పు నడిచిన దారి గురించే. అప్పు రాష్ట్రానికి కావాలి, షరతు కేంద్రానిది, పన్ను నగరవాసిది. అప్పు తీసుకునేవారూ అనుమతి ఇచ్చేవారూ బల్లకు ఇరుపక్కలా కూర్చున్నారు. పన్ను కట్టే ఊరి తరఫున ఆ బల్ల దగ్గర ఎవరూ లేరు. విశాఖ విషయంలోనైతే కూర్చోబెడదామన్నా మనిషి లేడు. 2020 చివర్లో శాసనసభ ఈ పన్ను మార్పు కోసం పురపాలక చట్టాన్ని సవరించే నాటికి నగరానికి మేయరూ లేరు, ఒక్క కార్పొరేటరూ లేరు.

ఇది చెబితే పై ఊళ్ల మిత్రులు నమ్మరు. 2005 నవంబరులో గాజువాక మునిసిపాలిటీనీ చుట్టుపక్కల గ్రామాలనూ కలుపుకుని మహా విశాఖ నగరపాలక సంస్థ ఏర్పడింది. 2007లో 72 వార్డులకు ఎన్నికలు జరిగాయి. ఆ కౌన్సిల్ గడువు 2012 తొలి నెలల్లో ముగిసింది. మళ్లీ ఓట్లు పడింది 2021 మార్చి 10న, ఈసారి 98 వార్డులకు. మధ్యలో గడిచిన తొమ్మిదేళ్లూ కౌన్సిల్ అధికారాలన్నీ ప్రభుత్వం నియమించిన ప్రత్యేకాధికారివి. బడ్జెట్ తయారుచేసే యంత్రాంగమే దాన్ని ఆమోదించుకుంది.

ఏ పార్టీనీ వేలెత్తి చూపడానికి ఈ కథ పనికిరాదు. ఉమ్మడి రాష్ట్రంలోని కాంగ్రెస్ ప్రభుత్వం, కొన్నాళ్ల రాష్ట్రపతి పాలన, విభజన తరువాత తెలుగుదేశం ప్రభుత్వం, ఆపై వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం ఈ కాలంలో వరసగా వచ్చాయి. 2013లో భీమునిపట్నాన్నీ అనకాపల్లినీ నగరంలో కలిపారు. కలిపాక వార్డుల హద్దులు తిరిగి గీయాలి, గీశాక అభ్యంతరాలు వినాలి, రిజర్వేషన్లు తేల్చాలి, దేని మీదనైనా వ్యాజ్యం పడవచ్చు. హద్దులు గీసే అధికారం ఎవరి చేతిలో ఉందో ఎన్నికను వాయిదా వేసే వీలు కూడా వారి చేతిలోనే ఉంటుంది. రాజ్యాంగంలోని 243-యు అధికరణం గడువు ముగిసేలోపే ఎన్నిక పూర్తిచేయాలని స్పష్టంగా చెబుతోంది. కిషన్‌సింగ్ తోమర్ కేసులో 2006లో సుప్రీంకోర్టు అదే మాటను నొక్కి చెప్పింది. శాసనసభ ఎన్నిక తొమ్మిది నెలలు ఆలస్యమైతే దేశమంతా గగ్గోలు పుడుతుంది. నగరం ఎన్నిక తొమ్మిదేళ్లు ఆలస్యమైతే జిల్లా సంచికలో ఒక వార్త వస్తుంది.

ఆ తొమ్మిదేళ్లలో ఊళ్లో ఏమీ జరగలేదా అంటే, నా ఎరుకలో ఇంత ముఖ్యమైన దశాబ్దం మరొకటి లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ముఖ్యమంత్రే నగరంలో మకాం వేసి పనులు నడిపించారు, కరెంటూ రోడ్లూ మేము అనుకున్నదానికన్నా త్వరగానే దారిలో పడ్డాయి. రాష్ట్రం తలచుకుంటే ఎంత చేయగలదో చూపిన రోజులవి, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా పడిన చెట్టును ముందు ఏ వీధిలో తీయాలి, నీళ్ల ట్యాంకరు ముందు ఎటు వెళ్లాలి అని పోట్లాడడానికి వార్డుకొక మనిషి లేకపోవడం ఆ వారంలో తెలిసినంతగా మరెప్పుడూ తెలియలేదు. 2016 జనవరిలో స్మార్ట్ సిటీ తొలి 20 నగరాల జాబితాలో విశాఖ, కాకినాడ చోటు సంపాదించాయి. కేంద్రం ఇచ్చే 500 కోట్లను, దానికి జతయ్యే వాటాను ఖర్చుపెట్టడానికి కంపెనీల చట్టం కింద ఒక ప్రత్యేక సంస్థ పెట్టాలన్నది ఆ పథకం షరతు. అందులో రాష్ట్రానికి సగం, నగరపాలక సంస్థకు సగం వాటా. నగరం వాటాకు అప్పట్లో ప్రతినిధులు ఎవరో ఊహించడం కష్టం కాదు, వారు కూడా రాష్ట్రం నియమించిన అధికారులే. 2018లో పాత పట్టణాభివృద్ధి సంస్థ ‘వుడా’ స్థానంలో మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ వచ్చింది. మాస్టర్ ప్లాన్ దాని చేతిలో ఉంది, దాని అధ్యక్షుణ్ణి నియమించేది ప్రభుత్వం. మహానగర ప్రాంతానికి ప్రణాళికా సంఘం ఉండాలనీ, అందులో కనీసం మూడింట రెండు వంతుల సభ్యులను ఎన్నికైన స్థానిక ప్రతినిధులే ఎన్నుకోవాలనీ చెప్పే 243-జెడ్‌ఈ అధికరణాన్ని మాత్రం ఎవరూ తలచుకోరు. 2019 అక్టోబరులో వార్డు సచివాలయాలు వచ్చాయి. కార్పొరేటరు కన్నా ఏడాదిన్నర ముందే వార్డులోకి రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు వచ్చి కూర్చున్నారు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ ఆవిరి లీకై పన్నెండుమంది చనిపోయినప్పుడు కూడా ఆ ప్రాంతానికి ఎన్నికైన నగర ప్రతినిధి లేరు.

అన్నిటినీ మించి 2020 జూలై. అప్పటి ప్రభుత్వం చేసిన మూడు రాజధానుల చట్టం విశాఖను కార్యనిర్వాహక రాజధానిగా ప్రకటించింది. ఆ చట్టం పేరులో ‘వికేంద్రీకరణ’ అన్న మాట ఉంది. రాజధాని కావాలా వద్దా అన్న వాదంలోకి నేను పోను. ఆ చట్టం 2021 నవంబరులో రద్దయింది, తరువాతి సంగతులు అందరికీ తెలిసినవే. నన్ను ఆపి ఆలోచింపజేసింది ఒక్కటే. రాష్ట్ర పాలన మొత్తాన్ని ఒక నగరానికి తరలించాలని చట్టం చేస్తున్నప్పుడు, ఆ చట్టానికి వికేంద్రీకరణ అని పేరు పెడుతున్నప్పుడు, ఆ నగరానికి ఎనిమిదేళ్లుగా ఎన్నికైన పాలకమండలి లేదన్న సంగతి సభలో ఇరుపక్షాలకూ పెద్ద విషయంగా తోచలేదు. మన రాజకీయ భాషలో వికేంద్రీకరణ అంటే అధికారాన్ని ఒక ఊరి నుంచి మరో ఊరికి మార్చడమే తప్ప, పై మెట్టు నుంచి కింది మెట్టుకు దించడం కాదు.

ఈ పరిస్థితికి మూలం రాజ్యాంగంలోనే ఉంది. ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో అయిదో అంశం ‘స్థానిక ప్రభుత్వం’. నగరపాలక సంస్థకు ఏం ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి అన్నది రాష్ట్ర శాసనసభ ఇష్టం. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ సవరణ దీన్ని మార్చిందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆ సవరణ ఎన్నికల విషయంలో ‘జరపాలి’ అంది, అధికారాల విషయంలో ‘ఇవ్వవచ్చు’ అంది. పన్నెండో షెడ్యూలులో పట్టణ ప్రణాళిక, నీటి సరఫరా, రోడ్లు, మురికివాడల మెరుగుదల లాంటి 18 పనులు రాసి, వాటిని నగరాలకు అప్పగించడం మాత్రం రాష్ట్రాల విచక్షణకు వదిలేసింది. మన రాష్ట్రాలు ‘ఇవ్వవచ్చు’ను ‘ఇవ్వకపోవచ్చు’గా చదువుకున్నాయి. ‘జరపాలి’ని సైతం ఎలా చదువుకున్నాయో పైన చెప్పాను.

ఇందులో తెలుగువాళ్లం ప్రత్యేకంగా సిగ్గుపడాల్సిన సంగతి ఒకటుంది. రాష్ట్రాల హక్కుల గురించి మనకన్నా గట్టిగా మాట్లాడినవారు దేశంలో కొద్దిమందే. 1983 మేలో ఎన్.టి. రామారావు ప్రతిపక్షాల నాయకులను విజయవాడకు పిలిచి సభ పెట్టారు. కేంద్ర-రాష్ట్ర సంబంధాల మీద సర్కారియా కమిషన్ ఏర్పడిన కాలం అదే. ఢిల్లీ షరతులు పెట్టి నిధులిస్తోందనీ, కేంద్రం నియమించిన గవర్నరు ఎన్నికైన ప్రభుత్వాన్ని కాదంటున్నారనీ, ఎక్కడో కూర్చుని మా అవసరాలు మీకేం తెలుసుననీ మనం నలభై ఏళ్లుగా అంటున్నాం. అన్నీ న్యాయమైన మాటలే. గవర్నరు అన్నచోట నగరపాలక కమిషనరు అనీ, ఢిల్లీ అన్నచోట రాష్ట్ర రాజధాని అనీ మార్చి చదివితే అవి నగరం చెప్పవలసిన మాటలే. నగరానికి ఆ మాటలు అనే నోరు లేకపోవడం ఒక్కటే తేడా. ప్రధాని ఎదుట రాష్ట్రం ఏ అవమానం పడ్డానంటుందో, సరిగ్గా అదే మర్యాద తన నగరాలకు చేస్తుంది.

కేంద్రం సంగతి వేరు, అది నగరంలో ఎక్కడో దూరంగా లేదు. మా ఇంటి నుంచి కాన్వెంట్ కూడలి మీదుగా పాతనగరం వైపు నడిచి వెళితే గోడల మీద బోర్డులు మారుతూ ఉంటాయి. ఇది రైల్వే స్థలం, ఇది పోర్టు స్థలం, ఇంకాస్త ముందుకు వెళితే నౌకాదళం. ఊరు ఊరంతా మాదే అనుకుంటాం, కాని ఊరి నడుమ ఊరికి చెందని నేలలే ఎక్కువ కనిపిస్తాయి. 285వ అధికరణం ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఆస్తి మీద రాష్ట్రంగాని, దాని కింది సంస్థలుగాని పన్ను వేయకూడదు. 2009లో రాజ్‌కోట్ నగరపాలక సంస్థ కేసులో, పన్ను బదులు సేవా రుసుము చెల్లించే ఏర్పాటు సుప్రీంకోర్టు ఎదుట కుదిరింది. నగర సేవలన్నీ వాడుకుంటే పన్నులో 75 శాతం, కొన్నే వాడుకుంటే సగం, ఏవీ వాడుకోకపోతే మూడో వంతు. రక్షణ, రైల్వే అవసరాలు దేశానివి, వాటికి రాయితీ వద్దనేంత మూర్ఖుణ్ణి కాను. దేశం కోసం ఇచ్చే ఆ రాయితీ భారాన్ని దేశమంతా కాకుండా ఒక్క విశాఖ ఇంటిపన్నుదారే మోయడం ఏం లెక్కో మాత్రం నాకు అంతుపట్టదు.

పోర్టు కథ ఇంకా చిత్రమైనది. 1933లో తెరుచుకున్న ఈ నౌకాశ్రయం మా ఊరికి అన్నం పెట్టింది, ఆ సంగతి మరిచిపోయి రాయలేను. పెద్ద ఓడరేవులు కేంద్ర జాబితాలోని అంశం. 2021 నాటి చట్టం ప్రకారం ఓడరేవు బోర్డులో రాష్ట్ర ప్రభుత్వానికి, రైల్వేలకు, రక్షణ శాఖకు, కస్టమ్స్‌కు ఒక్కొక్క సభ్యుడు ఉంటారు. నగరానికి చోటు లేదు. పాతనగరం, జ్ఞానాపురం వైపు బొగ్గు ధూళి గురించి ప్రజలు దశాబ్దాలుగా ఫిర్యాదు చేస్తున్నారు. దాన్ని అదుపు చేయమని ఆదేశించగలిగేది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి, అది పనిచేసేది కేంద్ర చట్టం కింద. ఇంతలో పదిహేనో ఆర్థిక సంఘం, పది లక్షలు దాటిన జనాభా గల నగరాలకిచ్చే గ్రాంటులో ఒక భాగాన్ని గాలి నాణ్యత మెరుగుదలకు ముడిపెట్టింది. గాలిలో ధూళి తగ్గితే డబ్బు, తగ్గకపోతే కోత. రోడ్డు ఊడవడం, నీళ్లు చల్లడం, చెత్త తగలబెట్టనివ్వకపోవడం నగరపాలక సంస్థ చేయగలదు. ఓడలోంచి దిగే బొగ్గునూ రిఫైనరీ పొగగొట్టాన్నీ అది ఏం చేయగలదు? పరీక్ష రాసేది ఒకరు, మార్కులు పడేది మరొకరికి.

ఇదంతా మన దేశపు జాడ్యమేననుకోనక్కరలేదు. తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన డాలస్ నగరానికి దగ్గర్లోనే డెంటన్ అని ఒక ఊరుంది. భూగర్భ రాతిపొరలను పగలగొట్టి గ్యాసు తీయడాన్ని ఊరి హద్దుల్లో నిషేధించాలని 2014 నవంబరులో ఆ ఊరి ఓటర్లు తీర్పిచ్చారు. ఆర్నెల్లు తిరిగేసరికి టెక్సాస్ శాసనసభ అలాంటి నిషేధాలు చెల్లవంటూ చట్టం చేసింది. అక్కడా నగరం రాష్ట్రం సృష్టే. కాకపోతే డెంటన్ వాళ్లు ముందు ఓటు వేశారు, తరువాత ఓడిపోయారు. తమ చేతిలోంచి ఏం పోయిందో, ఎవరు లాక్కున్నారో వాళ్లకు తెలుసు. ఇక్కడ మాకు పోయిందన్న సంగతే తెలియదు, ఎప్పుడైనా చేతిలో ఉంటే కదా.

మరి అన్నీ మేయరు చేతిలో పెడితే సరిపోతుందా? ఇక్కడే నేను చాలామంది నగర హక్కుల వాదులతో విడిపోతాను. విశాఖ తాగే నీళ్లు విశాఖవి కావు. ఏలేరు జలాశయం తూర్పుగోదావరి సీమలో ఉంది. అక్కడి నుంచి నూట యాభై కిలోమీటర్లకు దగ్గర దూరం కాలువలో ప్రయాణించి మాకూ ఉక్కు కర్మాగారానికీ నీరు వస్తుంది. తాటిపూడి విజయనగరం జిల్లాలోది. రైవాడ నీళ్ల మీద కింది ఆయకట్టు రైతులు మావే అని ఎన్నేళ్లుగానో అడుగుతున్నారు. ఏలేరు గేట్లు ఎప్పుడెత్తాలో విశాఖ కౌన్సిల్ నిర్ణయిస్తే ఆ రైతుకు న్యాయం జరుగుతుందని నేను నమ్మను. అతని ఓటు ఈ ఊళ్లో లేదు. ఊరికీ పొలానికీ మధ్య తగువు తీర్చే పెద్దగా రాష్ట్రం ఉండి తీరాలి. భూముల ధరలతో బలిసిన నగరం తన డబ్బు తనకే అంటే శ్రీకాకుళం ఏం కావాలి? హైదరాబాదును కోల్పోయిన బాధ ఏమిటో తెలిసిన రాష్ట్రంలో ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేం.

కాబట్టి నా వాదం పరిమితమైనది. నదీజలాలు, ఓడరేవు, నౌకాదళం లాంటివి ఇతరులకు కూడా హక్కున్న సంగతులు. అక్కడ నగరానికి నిర్ణయం దక్కకపోయినా మాట దక్కాలి, బోర్డులో ఒక కుర్చీ దక్కాలి. వీధిదీపం, కాలువ పూడిక, వార్డు ఉద్యోగి, ఇంటిపన్ను రేటు లాంటివి మరెవరికీ సంబంధం లేనివి. అక్కడ రాష్ట్రానికి పనేమిటో నాకు బోధపడదు. రిజిస్ట్రేషన్ సమయంలో స్టాంపు సుంకంతో పాటు 1.5 శాతం బదిలీ సుంకం కూడా వసూలవుతుంది, అది స్థానిక సంస్థలకు చెందవలసిన సొమ్ము. దాన్ని రాష్ట్ర శాఖ వసూలు చేసి తన వీలునుబట్టి పంపడం కాక, అదేరోజు నేరుగా నగరం ఖాతాలో పడేలా చేయడానికి ఏ రాజ్యాంగ సవరణా అక్కరలేదు. 2016లో జీఎస్టీ కోసం చేసిన 101వ సవరణ ప్రకటనల పన్నును ఏడో షెడ్యూలు నుంచి తొలగించింది. అప్పటిదాకా హోర్డింగుల మీద పన్ను వేసుకున్న నగరాలకు రుసుములు మిగిలాయి. జీఎస్టీ మండలిలో కేంద్రం ఉంది, రాష్ట్రాలున్నాయి, నగరాలు లేవు. ఆ మండలిలో తమ మాట చెల్లడం లేదని నొచ్చుకునే రాష్ట్రాలు, నగరాల పేరైనా అక్కడ ఎత్తవు.

ఎన్నికలు జరిగినంత మాత్రాన అన్నీ చక్కబడతాయన్న భ్రమ కూడా లేదు. 1981లో ఈ ఊరి ఓటర్లు, హైదరాబాదులోగాని ఢిల్లీలోగాని అధికారంలో లేని భారతీయ జనతా పార్టీకి నగరపాలక సంస్థను అప్పగించారు. నగరానికి తనదైన రాజకీయం ఉండేదనడానికి అది గుర్తు. ఇప్పుడలా లేదు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం మారింది, 2025 ఏప్రిల్‌లో అవిశ్వాస తీర్మానంతో మేయరు మారారు. కార్పొరేటర్లను తప్పుపట్టి లాభం లేదు. వార్డులో కాలువకు డబ్బు రావాలంటే రాష్ట్రం దయ ఉండాలి అని తెలిసినప్పుడు, ఏ కార్పొరేటరైనా గాలి ఎటు వీస్తే అటే తిరుగుతాడు.

నాన్నగారి రసీదుల కట్టలో ఒక అలవాటు కనిపిస్తుంది. ప్రతి రసీదు వెనకా పెన్సిలుతో తమ వార్డు కార్పొరేటరు పేరూ ఫోను నంబరూ రాసుకునేవారు. దీపం వెలగకపోతే చేయాల్సిన ఫోను అది. 2012 తరువాతి రసీదుల వెనక కూడా అదే పేరుంది. పక్కన కుండలీకరణంలో ‘మాజీ’ అని చేర్చారు. అర్ధసంవత్సరానికొకటి చొప్పున, ఒక్కటీ తప్పకుండా కట్టిన రసీదులు. చివరి కొన్నిటి మీద పేరు మాత్రం ఉంది, నంబరు లేదు.